ఏ ద్వారమున వెడలవలెను: దారుల పంపకమును గూర్చిన చరిత్ర

అనకాపల్లిని గూర్చి వ్రాయబూనినవారు శంకరము కొండలమీది బౌద్ధావశేషములను, 1906లో అలెగ్జాండరు రే అచట జరిపించిన త్రవ్వకములను, శారదానదీ తీరపు చెఱకు తోటలను, 1913లో నెలకొన్న చెఱకు పరిశోధన కేంద్రమును, దేశమంతట పేరొందిన బెల్లపు మార్కెట్టును వర్ణించుట పరిపాటి. అవి వర్ణింపదగినవే. కాని యీ పట్టణము వర్ధిల్లుటకు తోడ్పడిన మఱియొక విషయము, ఇచటినుండి సరకు వెడలుటకు కాలక్రమమున ఒక్క ద్వారము గాక పెక్కు ద్వారము లేర్పడుట, తగినంత విచారణకు నోచుకొనలేదని నా అభిప్రాయము.

మద్రాసునుండి కలకత్తాకు పోవు పాత బాట ఒకటి ముందునుండియు నుండెను. 1893 మొదలు 1896 లోపల బెజవాడనుండి కటకము వఱకు ఈస్టుకోస్టు స్టేటు రైల్వే నిర్మితమై, అనకాపల్లి ఆ మార్గముపై నొక స్టేషనయ్యెను. 1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము సముద్రనౌకలకు తెఱవబడుటతో మూడవ ద్వారము ఏబది కిలోమీటర్ల లోపలనే లభించెను. దారి ఒక్కటియైనప్పుడు వర్తకునికి ఆలోచన అక్కఱలేదు. రెండైనప్పుడు ఏది మేలో ఎంచుకొనవలెను. మూడైనప్పుడు సరకునంతయు ఒకే దారిన పంపుటయా, పంచి పంపుటయా యను ప్రశ్న తలయెత్తును. ఆ నిర్ణయము వర్తకునిదా, బస్తాల నెత్తు కళాసీదా, వాహనములను నడపు సంస్థదా యనునది అంతకంటె జటిలమైన ప్రశ్న. అదే ప్రశ్న కంప్యూటరుల లోకమున, అందును ముఖ్యముగా సి భాషలో వ్రాయబడిన లైబ్రరీలలో, నలుబది సంవత్సరములకు పైగా రూపాంతరములు చెందుచు నిలిచియున్నది. దాని చరిత్రను చెప్పుటయే నా యీ వ్యాసమున కుద్దేశము.

ఒక యంత్రమునకు వెలుపలి ప్రపంచముతో సంబంధము కల్పించు ద్వారమును ఇంటర్ఫేసు అందురు. గోడనుండి వచ్చు తీగ తగిలించు కార్డు ఒక ఇంటర్ఫేసు. వైఫై రేడియో మఱియొకటి. సెల్‌ఫోను సిమ్ము ద్వారా లభించు మార్గము ఇంకొకటి. నెట్వర్కుల బాల్యములో యంత్రమునకు ఇట్టి ద్వారము సాధారణముగా ఒక్కటే యుండెడిది. 1964లో పాల్ బారన్ అను నాతడు ర్యాండు సంస్థకై వ్రాసిన గ్రంథసంపుటములలో, యుద్ధమున కొన్ని కూడళ్ళు నశించినను సందేశములు మిగిలిన దారులు వెదకికొని పోవునట్టి వలను ఊహించెను. 1969లో ఇంటర్నెట్టునకు మాతృకయగు ఆర్పానెట్టు ఆరంభమైనపుడు ఆ దారుల వెదకుట యంతయు మధ్యనున్న ప్రత్యేక యంత్రముల పనియై యుండెను. విశ్వవిద్యాలయములోని పెద్ద కంప్యూటరు తనకు సమీపమైన అట్టి యంత్రమునకు సందేశమును అప్పగించి నిశ్చింతగా నుండెడిది. పంపువాని చేతిలో ఎంపిక లేదు, ఎంపిక లేనందువలన బాధ్యతయు లేదు.

1983వ సంవత్సరము ఈ చరిత్రలో రెండు కారణములచేత స్మరణీయము. ఆ సంవత్సరము జనవరి 1న ఆర్పానెట్టు నేటికిని వాడుకలోనున్న టి.సి.పి., ఐ.పి. నియమములకు మాఱెను, ఆగస్టులో బర్కిలీ విశ్వవిద్యాలయమునుండి 4.2 బి.ఎస్.డి. అను యూనిక్సు వెలువడి, సాకెట్టు అను ప్రయోగసాధనమును సి భాషాప్రోగ్రామరులకు ప్రసాదించెను. నాడు నిర్ణయింపబడిన సాకెట్, బైండ్, కనెక్ట్ అను పిలుపులు నేటి యనకాపల్లి కళాశాలలో చదువు విద్యార్థి వ్రాయు ప్రోగ్రాములోను అదే పేరులతో, అదే క్రమమున కానవచ్చును. ఇంత దీర్ఘాయువు గల రూపకల్పన యంత్రశాస్త్రములలో మిక్కిలి యరుదు. కాని దాని పునాదిలో ఒక నిర్ణయము నిగూఢముగా నిలిచియున్నది. ఒక సంబంధమును, ప్రోగ్రామరులు కనెక్షను అను దానిని, గుర్తించుటకు నాలుగు అంశములు చాలునని ఆ కాలపువారు నిశ్చయించిరి: ఇవతలి చిరునామా, ఇవతలి పోర్టు, అవతలి చిరునామా, అవతలి పోర్టు. ఏ ఇంటర్ఫేసునుండి వెడలవలెనో యా నాలుగింటిలో లేదు. తరువాతి కాలపు చిక్కులలో అధికభాగము ఈ యొక్క లోపమునుండియే మొలకెత్తినవని నేను నమ్ముచున్నాను.

బైండ్ అను పిలుపుతో ఇవతలి చిరునామాను నిర్ణయించినచో, ఆ చిరునామా ఏ ఇంటర్ఫేసునకు చెందినదో ఆ ఇంటర్ఫేసుద్వారానే కనెక్షను వెడలునని సామాన్యముగా అందఱును భ్రమపడుదురు. వాస్తవ మది కాదు. యంత్రమును నడపు వ్యవస్థకు కేంద్రమగు కెర్నెలు దారిని నిర్ణయించునపుడు ప్రధానముగా గమ్యపు చిరునామానే చూచును. బయలుదేరిన చిరునామాను చూడవలెనని పాత నియమములు శాసింపలేదు. 1989 అక్టోబరులో రాబర్ట్ బ్రేడెన్ సంపాదకత్వమున వెలువడిన 1122వ ఆర్.ఎఫ్.సి., అనగా ఇంటర్నెట్టు నియమముల పత్రము, ఈ సమస్యను నేరుగా ఎదుర్కొని, రెండు పద్ధతులను పేర్కొనెను. ఒకదానిలో చిరునామాకును ద్వారమునకును విడదీయరాని బంధము. మఱియొకదానిలో చిరునామా యంత్రమంతటికిని చెందినది, ద్వారము వేఱు. రెండును సాధువులే యని ఆ పత్రము తేల్చెను. ఆ యుదారభావము నాటికి ఉచితమే కావచ్చును గాని, ఒక యంత్రమున నడచిన ప్రోగ్రాము మఱియొక యంత్రమున మఱియొక విధముగా వర్తించుటకు అదియే బీజమయ్యెను. లినక్సు కెర్నెలు రెండవ పద్ధతి వైపు మొగ్గినది. దాని ఫలితము విచిత్రము: ఒక సంస్థ యిచ్చిన చిరునామాను ధరించిన ప్యాకెట్టు, అనగా సందేశపు తునుక, వేఱొక సంస్థయొక్క తీగమీద వెడలును. 2000 మే నెలలో వెలువడిన 2827వ ఆర్.ఎఫ్.సి., తమది కాని చిరునామాతో వచ్చు ప్యాకెట్టులను అరికట్టుడని ఇంటర్నెట్టు నందించు సంస్థలకు హితవు చెప్పిన పిమ్మట, ఇట్టి ప్యాకెట్టులు గడపదాటినను గమ్యమును చేరక నశింపజొచ్చెను. ప్రోగ్రాములో దోషమేమియు లేదు, తీగలో దోషమేమియు లేదు. అయినను కనెక్షను కుదురదు. దీనిని మొదటిసారి యెదుర్కొన్న ప్రోగ్రామరులు పడిన పాట్లు ఎన్నియో.

ఈ చిక్కును విప్పుటకు రెండు మార్గము లేర్పడినవి. మొదటిది యంత్రమును పాలించువానిది: అలెక్సీ కుజ్నెత్సోవ్ కృషితో 1999 జనవరిలో వెలువడిన లినక్సు 2.2లో, బయలుదేరిన చిరునామానుబట్టి కూడ దారిపట్టికను మార్చుకొను సౌకర్యము కలిగెను. రెండవది ప్రోగ్రామరుది: సో_బైండ్‌టుడివైస్ అను సాకెట్టు ఆప్షను. ఇంటర్ఫేసు పేరును సాకెట్టునకు కట్టివేయుట దీని పని. కట్టినపిదప ఆ సాకెట్టు వేఱొక ద్వారమున వెడలదు. ఎంత సరళమైన పరిష్కారమో చూడుడు. కాని దానిని వాడుటకు ప్రత్యేకాధికారము కావలసియుండెను. సామాన్య ప్రోగ్రాము దానిని ముట్టరాదు. 2020లో వెలువడిన 5.7 కెర్నెలులో, అదివఱకే కట్టబడని సాకెట్టును కట్టుకొనుటకు ఆ యధికారము అక్కఱలేదని సడలించిరి. అనగా, తన ద్వారమును తాను ఎంచుకొను స్వాతంత్ర్యము సామాన్య ప్రోగ్రామునకు లభించుటకు సాకెట్టు పుట్టినది మొదలు ముప్పదియేడేండ్లు పట్టెను. మ్యాకు యంత్రములలో ఐపి_బౌండ్_ఐఎఫ్ అనియు, విండోసులో ఐపి_యూనికాస్ట్_ఐఎఫ్ అనియు ఇదే భావము వేఱు పేరులతో నున్నది. పేరులు మాత్రమే గాక నియమములును వేఱు.

ఇంతవఱకు చెప్పినది ఒక ద్వారమును ఎంచుకొనుట. పెక్కు ద్వారముల మధ్య భారమును పంచుట యనునది దీనికి సోదరమైన చరిత్ర. దానికి జన్మస్థానము అమెరికాలోని నాసా గాడర్డు కేంద్రము. 1994లో అచట థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ అనువారు పదునాఱు చవకబారు 486 యంత్రములను కూర్చి బియోవుల్ఫ్ అను సమూహమును నిర్మించిరి. గొప్ప సూపర్‌కంప్యూటరును కొనుటకు ధనము లేనివారు అంగడిలో దొరకు సామాన్య యంత్రములతోనే ఆ శక్తిని సాధింపదలచిన యా సంకల్పము నా మనస్సును ఎప్పుడును ఆకర్షించుచుండును. నాటి ఈథర్నెట్టు వేగము సెకనుకు పది మెగాబిట్టులు మాత్రమే. అది చాలదు; అంతకంటె వేగవంతమైనది ఖరీదు. అందుచేత వారు ప్రతి యంత్రమునకును రెండేసి ఈథర్నెట్టు కార్డులు తగిలించి, ప్యాకెట్టు లొకటి యిటు, ఒకటి యటు వెడలునట్లు లినక్సు కెర్నెలులో ఏర్పాటు చేసిరి. బెకర్ అప్పటికే లినక్సుకై పెక్కు ఈథర్నెట్టు కార్డుల డ్రైవరులను వ్రాసి ప్రసిద్ధుడు. ఆ ఏర్పాటునుండియే నేటి లినక్సులోని బాండింగు డ్రైవరు జనించెను. 2000లో ఐ.ఈ.ఈ.ఈ. సంస్థ ఇట్టి కూర్పునకు 802.3 ఏడీ అను ప్రమాణమును ఏర్పఱచెను.

ప్యాకెట్టులను వంతులవారీగా పంచుటలో ఒక లోపము త్వరలోనే బయల్పడెను. అనకాపల్లి వర్తకుడు ఒడిశాలోని ఇద్దరు గ్రాహకులకు బెల్లము పంపవలసియున్నపుడు, ఒకనికి రైలులోను మఱియొకనికి లారీలోను పంపినచో ఇద్దరికిని సరకు సక్రమముగ చేరును. అట్లుగాక ఒక్క గ్రాహకునికి పంపు దిమ్మలను ఒకటి రైలులో, ఒకటి లారీలో వేసి, అవి ఎక్కించిన వరుసలోనే దించుకొనవలెనని నిర్బంధించినచో, ఆ గ్రాహకుడు ముందువచ్చిన దిమ్మలను ప్రక్కన పెట్టుకొని వెనుకవచ్చు దిమ్మలకై ఎదురుచూచుచు, అవి దారిలో పోయినవేమోయని శంకించి మరల పంపుమని వర్తమానము పంపును. టి.సి.పి. చేయునది సరిగ నిదే. వరుస తప్పిన ప్యాకెట్టులను చూచి నష్టము సంభవించినదని తలంచి, అది తన వేగమును తగ్గించుకొనును; రెండు తీగలున్నను ఫలితము ఒక్కొక్కప్పుడు ఒక తీగకంటె హీనమగును.

అందుచేత పంచవలసినది ప్యాకెట్టు కాదు, కనెక్షను అను సిద్ధాంతము స్థిరపడెను. 2000 నవంబరులో వచ్చిన 2991, 2992 సంఖ్యల ఆర్.ఎఫ్.సి.లు దీనిని శాస్త్రీయముగ పరిశీలించినవి. కనెక్షనును గుర్తించు అంశములనుండి ఒక సంఖ్యను గణించి, ఆ సంఖ్యనుబట్టి దారిని నిర్ణయించినచో, ఒక కనెక్షనుయొక్క ప్యాకెట్టులన్నియు ఒకే దారిన పోవును, వేర్వేఱు కనెక్షనులు వేర్వేఱు దారులలో విస్తరించును. ఇది తెలిసిన సత్యమైనను, తెలిసినది నిలుచునన్న భరోసా లేదు. 2012లో లినక్సు 3.6 వెలువడునపుడు, పాతదగు దారుల నిల్వపట్టికను కెర్నెలునుండి తొలగించిరి. దాని దోషములు అనేకములు గావున ఆ తొలగింపు సమంజసమే. కాని ఆ పట్టికయే పరోక్షముగా ఒక గమ్యమునకు పోవు ప్యాకెట్టులను ఒకే దారిన నిలుపుచుండెనని తొలగించినపిదప గాని విశదము కాలేదు. దాని ఫలితముగా బహుమార్గముల పంపకము మరల ప్యాకెట్టుల వంతునకు దిగజారెను. ఒక కనెక్షను ప్యాకెట్టులన్నిటిని ఒకే దారిన నిలుపు పద్ధతి 2016 జనవరిలో వెలువడిన 4.4 కెర్నెలుతో గాని పునఃప్రతిష్ఠితము కాలేదు. మూడు సంవత్సరములకు పైబడిన యీ విపరీతము, ఒక యేర్పాటు తాను చేయుచున్న మేలును తానే ప్రకటింపనిచో, దానిని సంస్కరించు పుణ్యాత్ములు కూడ తెలియక హాని చేయుదురని నిరూపించుచున్నది.

ఇక లైబ్రరీల సంగతి. కెర్నెలు ఎన్ని సౌకర్యము లిచ్చినను, సామాన్య ప్రోగ్రామరు నేరుగా సాకెట్టుల నంటడు. ఆతనికిని కెర్నెలునకును నడుమ ఒక లైబ్రరీ యుండును. స్వీడను దేశీయుడగు డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో కర్ల్ అను పేర వెలువరించిన సాధనమునకు ప్రాణమైన లిబ్‌కర్ల్ ఇట్టి లైబ్రరీలలో అగ్రగణ్యము. అందు కర్ల్‌ఆప్ట్_ఇంటర్‌ఫేస్ అను ఆప్షను కలదు. దానికి ఇంటర్ఫేసు పేరైనను, ఐ.పి. చిరునామాయైనను, యంత్రనామమైనను ఇయ్యవచ్చునని తొలుత ఏర్పఱచిరి. ఉదారమైన యేర్పాటే, కాని ఉదారతలో సందిగ్ధత దాగియుండెను. ప్రోగ్రామరు ఇచ్చిన ఇంటర్ఫేసు ఆ క్షణమున లేనిచో, లైబ్రరీ ఆ పదమును యంత్రనామముగ భావించి దాని చిరునామాకై వెదకుటకు పూనుకొనును. ఇట్లు కాకుండుటకై 2012లో వెలువడిన 7.24.0తో, ఇది ఇంటర్ఫేసు పేరే, ఇది యంత్రనామమే యని స్పష్టపఱచు ఉపసర్గలను చేర్చిరి. ఒక చిన్న అక్షరసముదాయము, ఒక ఆశ్చర్యార్థకము, అంతే. నా దృష్టిలో ఈ సవరణ ఎన్నియో పెద్ద సౌకర్యములకంటె విలువైనది. పోదలచిన దారి మూసియున్నపుడు ‘మూసియున్నది’ అని చెప్పుట లైబ్రరీ ధర్మము. చెప్పక వేఱొక దారిన కనెక్షనును కుదిర్చి చేతిలో పెట్టుట, ప్రోగ్రామరునకు నష్టము కలిగించునట్టి మేలు. కంపెనీ యొక్క రహస్యవ్యవహారములు గోప్యమార్గముననే పోవలెనని ఉద్దేశించి ద్వారమును నిర్ణయించినవాడు, అవి బహిరంగమార్గమున పోవుచున్నవని ఎన్నడును ఎఱుగకపోవచ్చును.

ఇట్టి ఆప్షనును రూపొందించువారు మఱచు విషయములు రెండు కలవు. మొదటిది పేరును చిరునామాగ మార్చుకొను విచారణ. కనెక్షను ఒక ద్వారమున వెడలి, దానికి ముందటి డి.ఎన్.ఎస్. విచారణ వేఱొక ద్వారమున వెడలినచో, ఒక సంస్థ వలలో మాత్రమే పనిచేయు చిరునామాను పట్టుకొని మఱియొక సంస్థ వలలో తిరుగవలసివచ్చును. లిబ్‌కర్ల్ 2013లో డి.ఎన్.ఎస్. విచారణకు ద్వారమును విడిగా నిర్ణయించు ఆప్షనును చేర్చెను. అదియు సి-ఏర్స్ అను లైబ్రరీతో కూర్చినపుడు మాత్రమే పనిచేయును. రెండవది, ఒకమారు కుదిరిన కనెక్షనును దాచుకొని మరల వాడుట. ఒక ద్వారమున కుదిరిన కనెక్షనును వేఱొక ద్వారమును కోరిన వానికి ఇచ్చినచో పంపకము వృథా. అందుచేత దాచుకొను పట్టికలో ద్వారమును గూడ గుర్తుగా నిలుపవలెను. లిబ్‌కర్ల్ అట్లే చేయుచున్నది. పంపకపు నిష్పత్తి యెంత, ఏ ద్వారమున కెంత భారము అను సంగతులను మాత్రము ఆ లైబ్రరీ తనపై వేసికొనక ప్రోగ్రామరుకే విడిచినది. ఇది సోమరితనము గాదు. ఏ తీగ చవకో, ఏ తీగకు నెలవారీ పరిమితి కలదో, ఏ తీగ వానకు తెగునో ఆ యూరివానికి తెలిసినట్లు స్వీడనులో కూర్చున్నవానికి ఎట్లు తెలియును?

వానకు తెగు తీగలను గూర్చి మా ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యప్రజలకు ఇంటర్నెట్టును అందింప మొదలిడిన తొలినాళ్ళలో మా తీరమున ఇంటికి ఒక తీగ, అదియు టెలిఫోను తీగయే, యుండుటయే గొప్ప. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును దాటినపుడు, కరెంటు స్తంభములు కూలి, సెల్ టవరులు మూగవోయి, విశాఖపట్టణమునను అనకాపల్లి పరిసరములందును ఉన్నవారి క్షేమసమాచారము దూరముననున్న బంధువులకు దినముల తరబడి అందలేదు. రెండు సంస్థల సిమ్ములున్నవారికిని ప్రయోజనము లేకపోయెను; ద్వారములు రెండైనను వాటి వెనుకనున్న స్తంభములకు ప్రాణమిచ్చు కరెంటు ఒక్కటే. ద్వారముల సంఖ్యను లెక్కించి తృప్తిపడు రూపకర్తలు ఈ సంగతిని మనస్సున ఉంచుకొనవలెను: ఆప్షను ఎంత చక్కనిదైనను, అది యంత్రపు గడపను మాత్రమే చూడగలదు, గడప కావల రెండు దారులును ఒకే వంతెన నెక్కుచున్నవో లేదో దానికి కానరాదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టు, కాలువలు త్రవ్వి పాతుటకు మాఱుగా విద్యుత్ స్తంభములమీదుగనే తీగలను వ్రేలాడగట్టి, పల్లెలకు తక్కువ వ్యయముతో చేరెను. చవకదనమున అది యెంతయు శ్లాఘనీయము. గాలివానకు లోనగుటలో మాత్రము అది స్తంభముల విధినే పంచుకొనును.

నేడు మా పట్టణమున దుకాణదారుని జేబులోని ఫోను రెండు సిమ్ములను, ఒక వైఫై రేడియోను కలిగియుండి, నాసావారి 1994 నాటి యంత్రముకంటె అధికముగ మూడు ద్వారముల నేలుచున్నది. ఒక్క కనెక్షనే పెక్కు ద్వారములను వాడునట్లు, వరుస చెడకుండ, చేయు ఉపాయము 2013 జనవరిలో మల్టీపాత్ టి.సి.పి. అను పేర 6824వ ఆర్.ఎఫ్.సి.గ వెలువడెను. ఒక్కొక్క దారికి విడిగా వరుససంఖ్యల నిచ్చి, అన్నిటికిని పైన ఉమ్మడి వరుససంఖ్యను నిలుపుట దాని కీలకము. ఆ సంవత్సరపు సెప్టెంబరులోనే యాపిల్ సంస్థ తన ఫోనులలోని సిరి సంభాషణలకు దీనిని వాడెను. నడచుచు వైఫై పరిధిని దాటినను సంభాషణ తెగదు. 2020లో 8684వ ఆర్.ఎఫ్.సి. పాతదాని స్థానమున వచ్చెను, అదే సంవత్సరము లినక్సు 5.6 కెర్నెలులో దానికి చోటు లభించెను.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖ ప్రాంతమున ఐదు సంవత్సరములలో సుమారు 15 వందల కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రములను, సముద్రాంతర్గత తీగలకు కొత్త రేవును నిర్మింపనున్నట్లు ప్రకటించెను. ఆ కేంద్రములకు ఎంపికైన స్థలములలో నొకటియగు రాంబిల్లి అనకాపల్లి జిల్లాలోనిది. దేశమునకు వచ్చు సముద్రపు తీగలలో అధికభాగము బొంబాయిలోను మద్రాసులోను గట్టెక్కుచున్న యీ కాలమున, తూర్పుతీరపు నడుమ మఱియొక ద్వారము తెఱచుకొనుట దేశమంతటికిని ఉపయుక్తము. ఐనను ఆ ద్వారమును వాడుకొనవలసిన ప్రోగ్రాములో మార్పు తనంతట రాదు. లినక్సులో బహుమార్గపు కనెక్షనును కోరదలచిన సి ప్రోగ్రామరు, 1983 నాటి ఆ సాకెట్ పిలుపులోనే మూడవ అంశముగా 262 అను సంఖ్యను వ్రాయవలెను; వ్రాయనిచో కెర్నెలు పాతవిధమగు టి.సి.పి.నే యిచ్చును. పాత ప్రోగ్రాములను మార్చకయే వాటి పిలుపులను నడుమ నడ్డగించి ఆ సంఖ్యను చేర్చు చిన్న లైబ్రరీ కూడ ఒకటి ప్రచారములో నున్నది.